మూడో నంబరు తాడు

మూడో నంబరు తాడు కొన్ననాడు దాని పొడవు అరవై మీటర్లు. నీలం రంగు, అక్కడక్కడ పసుపు చుక్కలు. సరిగ్గా ముప్పై మీటర్ల దగ్గర, నడుమ ఇదేనని తెలిసేందుకు, జానెడు మేర నల్ల గుర్తు. ఇదంతా పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. అదే పుస్తకంలో నేను చేసిన తప్పు కూడా ఉంది. దాని గురించి రాయాలని కొన్నాళ్లుగా అనుకుంటున్నాను. తేదీలు నా దగ్గర ఉన్నాయి కాబట్టి వరుసగానే చెబుతాను.

మా నాన్నకు ఉస్మాన్‌గంజ్‌లో తాళ్ల దుకాణం ఉండేది. మంచాలకు నులక, బావులకు చేంతాడు, ఎడ్లకు పగ్గాలు, లారీల మీద సరుకు కట్టే లావుపాటి తాళ్లు అమ్మేవాళ్లం. కొలత బారలతోనే. నాన్న రెండు చేతులూ చాపి, ఛాతీ మీదుగా తాడు లాగుతూ లెక్కపెట్టి, చివరికి కొడవలితో కోసేవాడు. ఎలుక కొరికిన చోటో, తడిసి కుళ్లిన చోటో తగిలితే ఆ కొసను కోసి పక్కన పడేసేవాడు. మిగిలింది ఎన్ని బారలో చుట్టకు కట్టిన అట్ట మీద రాయడం నా పని. పదేళ్ల వయసు నుంచి టీచరు ఉద్యోగం వచ్చేదాకా ఆ పని నాదే. మా దుకాణంలో తాడుకు రెండు కొసలు, వాటి మధ్య పొడవు, అంతే. నడుమ ఎక్కడో ఎవరూ అడగలేదు.

ఒక్క మనిషి అడిగేవాడు. తాటిచెట్లు ఎక్కే గీత పనివాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. నాన్న కొలిచి చెప్పిన తర్వాత కూడా రెండు కొసలూ జోడించి పట్టుకుని, మడత పడిన చోటును వేళ్లతో నొక్కి నొక్కి చూసేవాడు. ఎందుకంత అనుమానమని నాన్న నవ్వితే, "బరువంత పడేది గీడనే గద సేటూ" అనేవాడు. నేనూ నవ్వాను. అప్పుడు నా వయసు పన్నెండు.

ఇప్పుడు డెబ్బై రెండు. ముప్పై మూడేళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మావారు పోయి పదకొండేళ్లు. నాంపల్లి స్టేషన్ వెనక వీధిలో రెండో అంతస్తులో రెండు గదులు, పైన డాబా. మా చెల్లెలు ఖైరతాబాద్‌లో ఉంటుంది. దాని కూతురి కూతురే ఈ కథలో పిల్ల. వయసు ఇరవై ఆరు. రాళ్లెక్కడం, కొండలెక్కడం దాని పని. పని అంటే సరదాకు కాదు, నేర్పుతుంది కూడా. దాంతో పాటు మరో నలుగురు అమ్మాయిలున్నారు.

వాళ్ల సామాను పెట్టుకోవడానికి ఖైరతాబాద్ ఇంట్లో చోటు లేదు. మూడేళ్ల క్రితం ఒక ఆదివారం పొద్దున్నే పిల్ల ఆరు తాళ్ల చుట్టలు భుజాన వేసుకుని మా మెట్లెక్కి వచ్చింది.

"అమ్మమ్మా, ముందర గదిల జర మూలకు పెట్టుకుంట. నీకు అడ్డం రావు."

ఏ తాడు ఎప్పుడు కొన్నదో, ఎన్నిసార్లు వాడారో అడిగాను. దానికి సగమే గుర్తుంది. తాడుకు వయసుంటుందట. దాని మీద మనిషి పడి వేలాడిన ప్రతిసారీ బలం కొంచెం తగ్గుతుందట. ఇంత తెలిసి కూడా ఎక్కడా రాసుకోలేదు. లెక్క లేని తాడు నా ఇంట్లో ఉండదన్నాను.

"మరి నువ్వే రాయి" అని నవ్వింది.

ఆ రోజే నాంపల్లిలో రెండు వందల పేజీల గళ్ల పుస్తకం కొన్నాను. తాడు నంబరు, కొన్న తేదీ, పొడవు, వాడిన రోజులు, ఎంత ఎత్తు నుంచి ఎన్నిసార్లు పడ్డారు, చూసినవారి సంతకం. ఆరు గడులు. తాడు ఇంటికొచ్చిన ప్రతిసారీ ఒక కొస నుంచి మరో కొసకు వేళ్ల మధ్య జార్చి చూసేదాన్ని. ఒక తాడు చూడటానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఎక్కడైనా మెత్తబడినా, పైపొర చిట్లినా వేలికి తెలిసిపోతుంది. చిన్నప్పటి పనే కదా. అమ్మాయిలకు కూడా అలవాటైంది. బయలుదేరే ముందు పుస్తకం చూడకుండా ఒక్క తాడూ గడప దాటేది కాదు. అమ్మమ్మ రాసిందంటే ఇక మళ్లీ చూడక్కర్లేదని వాళ్లలో వాళ్లు అనుకునేవారు. అది విన్నప్పుడు నాకు బాగుండేది. దాచను.

ఆగస్టు చివరి ఆదివారం భువనగిరి గుట్ట మీద మూడో నంబరు తాడు రాతి అంచుకు ఒరుసుకుంది. సెప్టెంబరు ఏడున నేను చూసినప్పుడు, ఒక కొస నుంచి ఏడు మీటర్ల నలభై సెంటీమీటర్ల దగ్గర పైపొర తెగి లోపలి తెల్ల పోగులు కనిపించాయి. పిల్ల అప్పుడు ఊళ్లో లేదు. ఫోన్ చేశాను. కోసెయ్ అమ్మమ్మా, తాళ్ల సంగతి నీకు నేను చెప్పాల్నా అంది. ఎందుకైనా మంచిదని ఎనిమిది మీటర్ల దగ్గర కోశాను. పోగులు విడిపోకుండా కొసను మంట మీద కరిగించాను. పుస్తకంలో అరవై కొట్టేసి యాభై రెండు అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. కోసిన ముక్కలో తెగిన భాగం పారేసి, మిగిలిన దాన్ని డాబా మీద బట్టలు ఆరేసుకోవడానికి కట్టుకున్నాను.

నల్ల గుర్తు ఉన్నచోటే ఉండిపోయింది. నేను దాని వైపు చూడనైనా లేదు.

దసరా వెళ్లాక, అక్టోబరు నాలుగు శనివారం, ఐదుగురూ మూడో నంబరు, ఐదో నంబరు తాళ్లు తీసుకుని నేపాల్ బయలుదేరారు. నలభై రోజుల ప్రయాణం. ఆ దేశాన్ని ఒక్క ప్రాంతం చూసి చూశామనుకోవద్దని పిల్ల పట్టుదల. మొదట లాంగ్‌టాంగ్ లోయ, మంచు మీద నడక. తర్వాత తూర్పున రోల్వాలింగ్ లోయలో ఒక చిన్న శిఖరం, అక్కడ రాయీ మంచూ రెండూ. చివరగా పడమటి వైపు ముస్తాంగ్, వాన పడని ఎండు కొండలు, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలే రాయి. ఏ రోజు ఎక్కడ ఉంటారో నలభై వరుసల్లో రాసిచ్చింది. దాన్ని గోడ మీద నేపాల్ పటం పక్కన అంటించాను. రోజూ పొద్దున పాలు కాచుకున్నాక, ఆ నాటి ఊరి దగ్గర గుండుసూది గుచ్చేదాన్ని. సిగ్నల్ ఉన్నచోటి నుంచి పిల్ల గొంతు రికార్డు చేసి పంపేది. మన భువనగిరి రాయి గరుకుగా ఉండి కాలికి అంటుకుంటుందని, అక్కడి రాయి నున్నగా, చల్లగా, ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయని చెప్పింది. లాంగ్‌టాంగ్‌లో ఒక ముసలామె, నాకంటే ఒక ఏడాది పెద్దదట, కట్టెల మోపుతో తమను దాటి వెళ్లిపోయిందని చెప్పి నవ్వింది.

ప్రయాణంలో పదహారో రోజు అక్టోబరు పంతొమ్మిది, ఆదివారం. మర్నాడు దీపావళి. పొద్దున ఎనిమిది గంటలకు ఉతికిన బట్టలు డాబా మీద ఆరేస్తున్నాను. నేత చీర ఒకటి నీలం తాడు మీద వేశాను. కొంగు వైపు నేలకు తగిలింది. ఇవతలి వైపు మోకాలి ఎత్తులోనే ఆగింది. నడుమ చూసుకోకుండా వేసినందుకు నన్ను నేనే తిట్టుకుని, రెండు వైపులూ సమానంగా వచ్చేదాకా చీరను జరిపాను. జరిపి, చెయ్యి తాడు మీదే ఉండగా, ఆ తాడు ఏ తాడులోంచి వచ్చిందో చూశాను.

కొండ దిగేటప్పుడు తాడును ఎలా వాడతారో పిల్ల నాకు చాలాసార్లు చూపించింది. పైన రాతికి బిగించిన రింగులోంచి తాడు దూర్చి, సగం ఇటు, సగం అటు వదులుతారు. రెండు వరుసలనూ కలిపి పట్టుకుని దిగుతారు. అందరూ దిగాక ఒక కొస లాగితే తాడంతా కిందికి వచ్చేస్తుంది. సగం ఎక్కడో తెలియడానికే ఆ నల్ల గుర్తు. గుర్తు రింగు దగ్గర ఉంటే రెండు వైపులూ సమానమని నమ్ముతారు.

ఎనిమిది మీటర్లూ నేను ఒక్క కొస నుంచే కోశాను. ఇప్పుడు గుర్తుకు ఒక వైపు ముప్పై, రెండో వైపు ఇరవై రెండు. పొడుగు కొస నేలకు తగలడం చూసి రెండూ తగిలాయనుకుని దిగే మనిషికి, పొట్టి కొస గాలిలోనే అయిపోతుంది. అది చేతిలోంచి జారిందా, రెండోది కూడా రింగులోంచి దూసుకుపోతుంది.

కిందికి దిగివచ్చి గోడ మీది కాగితం చూశాను. ఇరవై ఒకటో రోజు, శుక్రవారం: శిఖరం నుంచి దిగుతూ రాతి గోడ, ఇరవై ఐదు మీటర్లు, కింద సన్నటి అరుగు, మూడో నంబరు తాడు. పక్కనే చిన్న అక్షరాలతో పిల్ల లెక్క: యాభై రెండులో సగం ఇరవై ఆరు, సరిపోతుంది. నా పుస్తకం చూసి వేసిన లెక్క. ఇరవై ఐదులోంచి ఇరవై రెండు తీసేస్తే మూడు. మూడు మీటర్ల తాడు లేదు.

వెంటనే సందేశం పెట్టాను. ఒక్క టిక్కే పడింది. రోల్వాలింగ్‌లోకి అడుగుపెట్టేది ఆ రోజే, వారం రోజులు ఫోన్లు పనిచేయవని అదే కాగితంలో ఉంది. కాఠ్మాండూలో వాళ్లకు ఏర్పాట్లు చేసిన మనిషి నంబరు కూడా ఉంది. నా ఫోన్ నుంచి పరదేశానికి కాల్ వెళ్లలేదు. అబిడ్స్‌లో నాకు తెలిసిన ఫోన్ల దుకాణానికి ఆటోలో వెళ్లాను. పండుగ గిరాకీలో కూడా అతను నన్ను కూర్చోబెట్టి, ఏదో ప్యాకు వేసి, తనే నంబరు కొట్టాడు. నాలుగుసార్లు మోగి ఆగిపోయింది.

"ఎవరున్నరమ్మా నేపాల్ల?"

"మనవరాలు."

"ఎత్తుతడు తియ్యి. గా దేశంల గూడ పండుగనే గద. జర ఫికర్ చెయ్యకున్రి. రేపు పొద్దున్నే రండి, నేనే కలిపిస్త."

దీపావళి నాడు దుకాణం తెరిచేదే పదకొండుకు, అయినా నా కోసం తొమ్మిదికే వచ్చాడు. ఈసారి కాఠ్మాండూ మనిషి ఫోన్ ఎత్తాడు. వెనక కుక్క ఒకటే మొరుగుడు. ఆ రోజు వాళ్లకు కుక్కల పండుగట, బొట్టు పెట్టి మెడలో బంతిపూల దండ వేస్తున్నాడట. నాకు వచ్చిన హిందీలో సంగతి చెప్పాను. తాడు కోసింది ఎవరని అడిగాడు. నేనే అన్నాను. ఆ లోయలో చివరి ఊరి ఫోన్ పాడైపోయి చాలా రోజులైందని, రోడ్డు ఆగిపోయే ఊరి నుంచి మంగళవారం పొద్దున సరుకు మోసే మనిషి ఒకతను పైకి బయలుదేరుతాడని, అతని చేతికి చీటీ ఇప్పిస్తానని చెప్పాడు. గురువారం సాయంత్రానికి చేరాలి. ఆలస్యమైతే శుక్రవారం.

చీటీలో ఏం రాయాలో చెప్పి, రెండుసార్లు చదివించుకున్నాను. మూడో నంబరు తాడు నడుమ గుర్తు నమ్మొద్దు. ఎనిమిది మీటర్లు ఒక్క కొస నుంచే కోశాను. కొసలు జోడించి నడుమ చూసుకోండి. తప్పు నాది. అమ్మమ్మ.

"చేరుతుంది మాతాజీ" అన్నాడు. చేరినట్టు నాకెలా తెలుస్తుందని అడిగితే, ఆదివారం వాళ్లు సిగ్నల్ ఉన్నచోటికి దిగి వస్తారు, వాళ్లే చెబుతారన్నాడు.

సోమవారం నుంచి ఆదివారానికి ఆరు రోజులు.

చెల్లెలికి చెప్పాలా వద్దా అని ఒక పూట ఆలోచించాను. ఫోన్లో చెప్పదగిన మాట కాదని, ఒకసారి రమ్మని కబురు పెట్టాను. మంగళవారం మెట్రోలో వచ్చింది. వస్తూ మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలాలు కొనుక్కొచ్చింది. చెప్పాను. సంచీ కింద పెట్టకుండా, నిలబడే విన్నది.

"నువ్వే దాన్ని ఎక్కు బిడ్డా ఎక్కు అంటివి. నువ్వే తాడు కోస్తివి."

అవునన్నాను.

"బడిల పిల్లలు ఒక్క సున్న తప్పేస్తే ఎండల నిలబెట్టెదానివి."

దానికీ అవునన్నాను. కాసేపు సీతాఫలాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. పండినవి ఒక వైపు, కాయలు ఒక వైపు. తర్వాత ముందర గదిలోకి వెళ్లి తాళ్ల మూట దగ్గర నిలబడింది.

"మిగిలినయి కొలిసినవా?"

కొలవలేదు. మిగిలినవాటిలో ఒక్కటీ నేను కోసింది లేదు, అవి సరిగ్గానే ఉండాలి. అయినా కొలవలేదు.

"దా మరి. ఒక్కదానివి ఎట్ల గుంజుతవ్."

ఆ మధ్యాహ్నం మేమిద్దరం నాలుగు తాళ్లూ డాబా మీదికి మోసుకెళ్లాం. మా డాబా పొడవు పదకొండు మీటర్లే. కాబట్టి రెండు కొసలూ నేను కలిపి పట్టుకుని నిలబడితే, అది జంట తాడును నీళ్ల ట్యాంకు చుట్టూ తిప్పి, మళ్లీ నా దాకా తెచ్చి, మడత ఎక్కడ పడుతుందో చూసేది. దానికి డెబ్బై. మోకాళ్ల నొప్పి. ఒక్కో తాడుకు మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. పిల్ల కొండలెక్కుతానన్నప్పుడు ఆర్నెల్లు నాతో మాట్లాడని మనిషి. నాలుగో తాడు నడుమ గుర్తు కూడా మడత మీదే పడ్డప్పుడు అక్కడి నుంచే అరిచింది.

"మంచిగనే ఉన్నది. రాసుకో."

రాసుకున్నాను. ఆ రోజు అది ఇంటికి వెళ్లలేదు. ఆదివారం దాకా నా దగ్గరే ఉండిపోయింది.

బుధవారం మందుల కోసం అబిడ్స్ వెళ్లాను. అక్కడ ఒక ఎత్తయిన దుకాణాల భవనం ముందు ఆగి అంతస్తులు లెక్కపెట్టాను. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున వేసుకుంటే, ఇరవై ఐదు మీటర్లంటే ఎనిమిదికి కొంచెం పైన. లేని మూడు మీటర్లు కింది అంతస్తు. బూట్ల దుకాణం, దాని గాజు తలుపు, పైన బోర్డు. ఆ బోర్డు ఎత్తు నుంచి కింది మెట్టు దాకా చూశాను. మామూలు నేల మీదైతే కాలు విరగవచ్చు. కింద సన్నటి అరుగు, దాని అవతల లోయ ఉన్నచోట కాలుతో ఆగదు. పుస్తకంలో మూడు అని రాస్తే చిన్న అంకె. అక్కడ నిలబడి చూశాక దాన్ని చిన్నదనడం మానేశాను.

గురువారం రాయడానికి ఏమీ లేదు. శుక్రవారం పొద్దున గుండుసూది రాతి గోడ దగ్గర గుచ్చాలి. చెల్లెలు పాలు కాచింది. సూది నా చేతిలోనే ఉంది. ఆ గోడ నిజంగా దాటారని తెలిశాకే గుచ్చుతానన్నాను. అది నా చేతిలోంచి తీసుకుని తనే గుచ్చింది.

ఆదివారం, అక్టోబరు ఇరవై ఆరు, పొద్దున పది నలభైకి ఫోన్ మోగింది. గాలి చప్పుడు, తర్వాత పిల్ల గొంతు.

"అమ్మమ్మా. చీటీ అందింది. అందరం మంచిగున్నం."

నేను కూర్చున్నాను. చెల్లెలు ఫోన్ స్పీకరులో పెట్టింది.

సరుకు మోసే మనిషి గురువారం రాలేదట. ఆ ఎత్తులో వాన మంచుగా మారి దారి జారిందట. శుక్రవారం తెల్లవారాక, శిఖరానికి బయలుదేరేందుకు వీళ్లు బూట్లు కట్టుకుంటుంటే వచ్చాడట. చీటీ బిస్కట్ ప్యాకెట్ కాగితం వెనక రాసి ఉందట. ఐదుగురూ ఆలుగడ్డల మళ్ల పక్కన తాడు పరిచి కొసలు జోడిస్తే, నల్ల గుర్తు అసలు నడుమకు నాలుగు మీటర్ల దూరంలో ఉందట. బస ఇచ్చిన ఇంటావిడ దగ్గర ఎర్ర ఉన్ని దారం అడిగి తీసుకుని కొత్త నడుమ దగ్గర చుట్టారట. గంట ఆలస్యంగా బయలుదేరి పైదాకా వెళ్లారట.

"దిగేటప్పుడు మబ్బు కమ్మింది అమ్మమ్మా. పైనుంచి చూస్తే కొసలు కనవడలె. రెండూ తెల్లగ మబ్బుల కలిసిపోయినయి."

కొసలకు ముడులు వేస్తారు కదా, ముడి ఉంటే చెయ్యి జారదు కదా అని అడిగాను. ఆరు రోజులుగా అదొక్కటే ఆశగా పెట్టుకున్నాను.

పిల్ల రెండుసార్లు దగ్గింది.

"ఎప్పుడూ వేస్తం. గా రోజు చేతులు గడ్డకట్టినయి, లేటయింది. వేసెదాన్నే అనుకుంట. ఏమో అమ్మమ్మా. తెల్వదు."

అబద్ధం చెప్పనందుకు దాన్ని మెచ్చుకోవాలనుకున్నాను. ఈలోగా చెల్లెలు, తిన్నావా, దగ్గు తగ్గిందా, ఆ ముస్తాంగ్‌కు పోకుండా ఇంటికి రారాదా అని మొదలుపెట్టింది. పిల్ల రానంది. ఎర్ర దారం ఉంది కదా అమ్మమ్మా అంది. ఇద్దరం అమ్మమ్మలమే కాబట్టి ఆ మాట ఎవరితో అన్నదో మాకు తెలియలేదు. ఇద్దరమూ సరేనన్నాం.

నవంబరు పదమూడు గురువారం వాళ్లు తిరిగి వచ్చారు. ముక్కు మీద తోలు ఊడిపోయి, జుట్టు నిండా ముస్తాంగ్ దుమ్ముతో పిల్ల మా మెట్లెక్కింది. అప్పటికే పుస్తకం సిద్ధం చేసి పెట్టాను. చివరి పేజీలో ఇంతవరకు నేను రాశాను, ఇకపై మరొకరు రాయాలి అని రాసి, తేదీ వేసి, సంతకం చేశాను. కళ్లు బాగానే ఉన్నాయి, వేళ్లూ బాగానే ఉన్నాయి. తప్పు కంటిది కాదు, వేలిది కాదు. కొండ తాడును నేను దుకాణం తాడులాగా చూశాను. ఇంకా అలా చూస్తున్నవి నాకు తెలియకుండా ఎన్ని ఉన్నాయో చెప్పలేను. ఇదంతా దానికి చెప్పాను.

పిల్ల నిలబడే చదివింది. నవ్వలేదు.

"పుస్తకంల యాభై రెండు అని నేనూ చూసిన గద. సగం ఇరవై ఆరు అని నేనే లెక్కేసిన. గుర్తు ఎక్కడుందో నేనెందుకు చూడలె?"

"నేను రాశానని."

"ఔ. నువ్వు రాసినవని." పుస్తకం నా ముందుకు తోసింది. "ఇంగ నువ్వు రాసినా మేం చూస్తం. మేం చూసినా నువ్వు చూడు. గప్పుడు నువ్వుంటే ఏమైతది?"

సంతకం చేసిన పేజీ చింపడం నాకు ఇష్టం లేదు. పుస్తకంలో పేజీ చింపితే లెక్క తప్పుతుంది. దాని మీద ఒక అడ్డగీత కొట్టి, పక్కన ఆ రోజు తేదీ వేశాను. తర్వాత స్కేలు తెచ్చి, పొడవు గడి పక్కన ఏడో గడి గీశాను. నడుమ అని పైన రాశాను. ప్రతి వరుసలోనూ రెండు సంతకాలకు చోటు పెట్టాను.

ఆ సాయంత్రం ఎండ ఉండగానే మూడో నంబరు తాడును డాబా మీదికి తీసుకెళ్లాం. కొసలు నా చేతిలో, మడత దాని చేతిలో. ఎర్ర ఉన్ని దారం మడతకు నాలుగు వేళ్ల దూరంలో ఉంది. చలిలో, మళ్ల గట్టున చుట్టిన గుర్తుకు అది ఎక్కువ తేడా కాదని నేనే ఒప్పుకున్నాను. పిల్ల దాన్ని విప్పి సరైన చోట మళ్లీ చుట్టింది. పాత నల్ల గుర్తు మీద పొడుగునా తెల్ల పట్టీ అంటించి, అది కనబడకుండా చేసింది. ఇద్దరం సంతకం పెట్టాం.

తర్వాతి ఆదివారం నన్ను భువనగిరి తీసుకెళ్లారు. నేను గుట్ట ఎక్కనని ముందే చెప్పాను. ఎక్కనక్కర్లేదు, కింద పని ఉందన్నారు. తల మీద పసుపు హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ పిల్లే బిగించింది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. అందులో ఇద్దరు నన్ను చూసి నమస్కారం పెట్టారు, ఏ కారణానికో నాకు తెలియదు.

పిల్ల పైకి వెళ్లి, ఇరవై రెండు మీటర్ల గోడ అంచున తాడు రింగులోంచి దూర్చింది. ఎర్ర దారం కింది నుంచి కూడా కనిపిస్తోంది. రెండు కొసలూ ఒకదాని వెనక ఒకటి గాలిలో విప్పుకుంటూ వచ్చి నా కాళ్ల ముందు పడ్డాయి. చివర్లలో ముడులున్నాయి. నేలకు తగిలిన చోటు నుంచి ముడి దాకా ఒక్కోటీ నా బారతో కొలిచాను. ఒకటి రెండున్నర బారలు దాటి కొంచెం. రెండోదీ అంతే. అప్పట్లో నాన్న ఛాతీ మీదుగా వెళ్లినట్టే తాడు ఇప్పుడు నా ఛాతీ మీదుగా వెళ్లింది.

పైనుంచి పిల్ల గొంతు వినిపించింది. ఇప్పుడు ఇది వాళ్ల పద్ధతి. కింద ఎవరైనా ఉంటే, వాళ్లు జవాబు చెప్పేదాకా పైవాళ్లు అంచు దాటరు.

"అమ్మమ్మా, కొసలు?"

ఒక్కో చేతిలో ఒక్కో కొస ఎత్తి చూపించాను.

"రెండూ ఉన్నయి," అన్నాను. "దిగు."